చెక్క బీరువాకు చాక్ పెయింట్: తెల్లరంగు గులాబీగా మారకుండా ఎలా వేయాలి?

తాతలనాటి టేకు బీరువాకు తెల్లటి చాక్ పెయింట్ వేస్తారు. సాయంత్రం ఫొటో తీసి చుట్టాలందరికీ పంపుతారు. పొద్దున లేచి చూస్తే తలుపుల మీద గులాబీరంగు మచ్చలు! అప్పుడు నాకు ఫోన్. "ఇంకో కోటు వేస్తే పోతుందా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. పోదు. నాలుగు కోట్లు వేసినా పోదు. ఎందుకు పోదో తర్వాత చెబుతాను, ముందు మిగతా పనులు.

చాక్ పెయింట్ అనేది బ్రిటన్‌కు చెందిన ఆనీ స్లోన్ 1990లో తెచ్చిన రంగు. ఆరాక మెరుపు లేకుండా సుద్దముక్కలా ఉంటుంది. బ్లాక్‌బోర్డుకి వేసే పెయింట్ వేరు, కొట్లో కుర్రాడు అది చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి. నేను డబ్బా కొనను, ఇంట్లోనే కలుపుకుంటాను. మూడు పాళ్లు మ్యాట్ ఎమల్షన్ (మెరుపు లేని గోడరంగు), ఒక పాలు లప్పానికి వాడే చాక్ పౌడర్. పౌడర్‌ని ముందు నీళ్లలో దోసెపిండిలా కలిపి, పలచటి గుడ్డలో వడగట్టి, ఎమల్షన్‌లో పోయాలి. చాక్ పౌడర్ బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలపమనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది నీళ్లు తగిలిన కాసేపటికే గట్టిపడుతుంది. ఒక తలుపు పూర్తయ్యేసరికి మగ్గులో రాయి మిగులుతుంది. నేను ఒకసారి మగ్గుతో సహా పారేశాను.

ఇక సామాను: రెండంగుళాల బ్రష్‌లు రెండు, 220 నంబర్ సాండ్ పేపర్, పాత బనీను గుడ్డలు. రోలర్ వద్దు, చెక్కకి బ్రష్షే.

బీరువా పిడులు, గొళ్లేలు ఊడదీయండి. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. పిడుల చుట్టూ ఏళ్లనాటి చేతి జిడ్డు ఉంటుంది, అక్కడ రెండుసార్లు. పుచ్చు, చెద ఉంటే ముందు వడ్రంగిని పిలవాలి, రంగు దానికి మందు కాదు. చాక్ పెయింట్‌కి గీకుడు అవసరం లేదని ప్రచారం ఉంది. నేను మాత్రం తేలిగ్గా ఒకసారి రుద్దుతాను, మీరూ రుద్దండి. అయితే పాలిష్ కాకుండా పాత ఎనామెల్ రంగు ఉంటే పొడిగా రుద్దవద్దు, సాండ్ పేపర్ తడిపి రుద్దండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పదిలక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. మీ బీరువా అంతకంటే పాతది. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

ఇప్పుడు అసలు పని.

మన ఇళ్లలో పాత సామానుకి ఉన్నది ఎక్కువగా లక్క పాలిష్. ఎర్రగా కనబడాలని అందులో రంగుపొడి కలిపేవారు. టేకు, రోజ్‌వుడ్ చెక్కల్లో సహజంగానే ఊరే రంగు కూడా ఉంటుంది. చాక్ పెయింట్‌లో ఉన్నది నీళ్లు. ఆ తడి కింద ఉన్న రంగును పీల్చి, ఆరుతూ ఆరుతూ పైకి తెస్తుంది. ఇంకో కోటు వేస్తే ఇంకొంత తడి, ఇంకొంత రంగు. అందుకే పోదు అన్నాను. మామూలు వాటర్ ప్రైమర్ కొట్టినా అంతే, అదీ నీళ్లదే కదా.

దీన్ని ఆపేది లక్కే. షెల్లాక్ అనే లక్క రేకులు కొనండి, హైదరాబాద్ కొట్లలో చపడా అంటారు. 100 గ్రాముల రేకులు 400 మిల్లీలీటర్ల పాలిష్ స్పిరిట్‌లో వేసి, గాజుసీసాలో మూతపెట్టి రాత్రంతా ఉంచండి. థిన్నర్ ఇస్తానంటే వద్దనండి. మడ్డి అడుగుకి తేరాక పైతేట మాత్రమే వాడాలి. స్పిరిట్ చప్పున అంటుకుంటుంది కాబట్టి పక్కన పొయ్యి గానీ, దేవుడి దీపం గానీ, అగరుబత్తి గానీ ఉండకూడదు. కిటికీలన్నీ తెరిచి పెట్టండి.

చెయ్యి జారేది ఇక్కడే. కొత్త లక్కలో ఉన్న స్పిరిట్ పాత లక్కను కూడా కరిగిస్తుంది. గోడకి సున్నం వేసినట్టు బ్రష్‌ని ముందుకీ వెనక్కీ ఆడించారంటే కింది ఎర్రరంగంతా పైకి కలిసిపోతుంది. పైనుంచి కిందికి ఒక్క గీత, పక్కన ఇంకో గీత. గీసిన చోటికి మళ్లీ వెళ్లకండి. ఎక్కడైనా తప్పిపోతే వదిలేయండి, రెండో కోటులో సరిపోతుంది. మొదటి కోటు కాస్త ఎర్రబడితే టెన్షన్ పడక్కర్లేదు. గంట ఆరనిచ్చి రెండోది వేయండి, ఇంకా పల్చగా, ఇంకా చకచకా. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమకి లక్క పాలపొరలా తెల్లబడుతుంది.

రెండో కోటు అయ్యాక తలుపు లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, అరచేయంత మేర చాక్ పెయింట్ వేసి తెల్లారేదాకా ఆగండి. వేసిన గంటకి చూసి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతారు, మచ్చ తేలేది పూర్తిగా ఆరేటప్పుడే. పొద్దున తెల్లగా ఉంటే ముందుకు వెళ్లండి. పచ్చగానో గులాబీగానో తేలితే మూడో కోటు లక్క వేసి, మళ్లీ ఒక రాత్రి ఆగండి. ఈ ఒక్క రాత్రి ఆగలేకే సగం బీరువాలు పాడవుతున్నాయి.

తర్వాతది తేలిక. చాక్ పెయింట్ రెండు పల్చటి కోట్లు, మధ్యలో రెండు గంటలు. అంచులు గీకి పాతదానిలా చేయడం ఇప్పుడు ఫ్యాషన్. అరవై ఏళ్ల బీరువాకి పాతదనం అరువు తేవడం ఏమిటో నాకు అర్థం కాదు. లోపలి అరలకి రంగు వేయకండి, టేకు వాసన పోతుంది.

ఒక రోజు ఆగి తేనెమైనం పాలిష్‌ని గుడ్డతో కొంచెం కొంచెంగా రుద్ది, పావుగంటకి వేరే గుడ్డతో తుడవండి. వేలు పెడితే జిగట తగిలిందంటే ఎక్కువ పూశారన్నమాట. టీపాయ్, బల్లల్లాంటివాటికి మైనం పనికిరాదు. వేడి గ్లాసు పెడితే వలయం పడుతుంది. వాటికి నీటితో కలిసే మ్యాట్ పాలీయురెథేన్ వార్నిష్ వేయండి.

పిడులు మర్నాడే బిగించుకోవచ్చు. మైనం గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా తలుపులు నొక్కి మూయకండి, చట్రానికి అతుక్కుని తీసేటప్పుడు రంగు పెచ్చుగా లేస్తుంది. మూయక తప్పదంటే మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి.