గవుర్మా చేయడం ఎలా? తడి పోతేనే మాంసం నిలుస్తుంది

తుర్క్‌మెనిస్తాన్‌లోని కారాకుం ఎడారిలో మందల వెంట తిరిగే తుర్క్‌మెన్‌లు చలికాలం ముందు, గొర్రెలు బాగా బలిసినప్పుడు, వాటిని కోసేవారు. ఆ కొవ్వులోనే మాంసం వేయించి, జాడీల్లోనో శుభ్రం చేసిన గొర్రె పొట్టలోనో నిలవపెట్టేవారు. అదే గవుర్మా. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేసి దించేసేది గవుర్మా కాదు, మామూలు వేపుడు. అది నిలవుండదు.

ఎముక తీసిన గొర్రె మాంసం 2 కిలోలు, గొర్రె కొవ్వు కిలో, ఉప్పు 50 గ్రాములు, మందపాటి ఇనప కళాయి ఉంటే చాలు. అక్కడ వాడేది తోక కొవ్వు. మన నెల్లూరు గొర్రెకు అంత తోక ఎక్కడిది? మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు అడిగి తెచ్చుకోండి. నూనె పోస్తే మాత్రం అసలు మొదలుపెట్టకండి: చల్లారాక గడ్డకట్టదు, మాంసం మీద మూతలా నిలబడదు.

మాంసం 4 సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు ఊరిన నీరు పారబోసి, ముక్కలు గుడ్డతో తుడవండి. కొవ్వు సన్నగా తరిగి, చిన్న మంట మీద కరిగించి, తేలిన చెక్కులు తీసేయండి. ముక్కలు వేయండి.

అందరూ తప్పేది ఇక్కడే. పావుగంటకు కళాయి నిండా నీరూరి కొవ్వు తెల్లగా మసకబారుతుంది, ముక్క మెత్తబడుతుంది. ఉడికిందని దించేస్తారు. ఉడకడం వేరు, తడి ఆరడం వేరు. నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. అది పోయాకే పైకెక్కుతుంది. మూత పెట్టొద్దు, ఆవిరి తిరిగి అందులోనే పడుతుంది. మంట పెంచొద్దు, పైన మాడి లోపల తడి మిగులుతుంది. గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది.

గుర్తులు మూడు: పెద్ద బుడగల గలగల తగ్గి సన్నటి చిటపట మిగలాలి, కొవ్వు తేటబడి అడుగు కనిపించాలి, థర్మామీటర్ 115 దాటాలి. మూడూ కలిసేదాకా దించకండి.

పొడి జాడీలో వేడిగా ఉన్నప్పుడే ముక్కలు నొక్కి సర్దండి, మధ్యలో గాలి మిగలకూడదు. పైన రెండు సెంటీమీటర్ల కొవ్వు పోయండి. కళాయి అడుగున గోధుమరంగు రసం ఉంటుంది, రుచిగా ఉందని అది పోస్తే ముందు పాడయ్యేది అదే. పూర్తిగా చల్లారాకే మూత, లేకపోతే చెమట కారుతుంది.

మన ఎండు తునకలకు గాలే రక్ష, ఇక్కడ గాలి లేకపోవడమే రక్ష, అదే ప్రమాదం కూడా. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే బ్యాక్టీరియా గాలి ఆడని కొవ్వు కింద పెరగగలదు. ఎడారి చలి వాళ్లకు అక్కరకొచ్చింది, మనకు ఫ్రిజ్ తప్పదు: 4 డిగ్రీల లోపు, నెల రోజులు. అంతకుమించి అయితే డీప్ ఫ్రీజర్. జాడీలో తడి గరిటె పెట్టొద్దు. వాసన బాగున్నా సరే, వాడేముందు పది నిమిషాలు మరిగించాలి.

చోర్బాకు, అంటే అక్కడి సూప్‌కు, ఒక గరిటెడు గవుర్మా కొవ్వుతో సహా వేసి, అందులోనే ఉల్లిపాయ వేయించి, బంగాళాదుంపలు, నీళ్లు పోయండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే.