షోపాన్ ‘వానచుక్క’ ప్రెలూడ్ – 3వ పాఠం: తుఫాను ఎడమచేతిలో ఉంది

ఈ చిన్న పియానో రచనలో పోయిన పాఠంలో 27వ బార్ (స్వరపత్రంలో నిలువుగీతల మధ్య ఉండే ఒక గడి) దగ్గర ఆగాం. మధ్యభాగం 28 నుంచి 75 దాకా, మొత్తం 48 బార్లు. ఈ పాఠానికి 28–43 చాలు. 44–59 దాదాపు వీటి పునరావృతమే కాబట్టి, ఈ 16 చేతికొస్తే మధ్యభాగంలో మూడింట రెండొంతులు అయిపోయినట్టే.

1838–39 చలికాలం షోపాన్ మయోర్కా ద్వీపంలో, త్రముంతానా కొండల మధ్య వాల్‌దెమోసా మఠంలో గడిపాడు. తుఫాను రాత్రి తాను పాల్మా నగరం నుంచి తిరిగొచ్చేసరికి అతను పియానో ముందు కూర్చుని ఉన్నాడని అతని సహచరి, రచయిత్రి జార్జ్ సాండ్ రాసింది. అప్పుడు వాయించింది ఏ ప్రెలూడో చెప్పలేదు. వానచుక్కల చప్పుడుని అనుకరించావంటే అతను ఒప్పుకోలేదని కూడా ఆమే రాసింది. వాయించేవాళ్ళకి పనికొచ్చేది ఆ రెండో ముక్కే. పదేపదే మోగే ఒకే స్వరమే ఇక్కడి ‘చుక్క’; దాన్ని వానచుక్కలా వినిపించాలని చూసినవాళ్ళ చేతిలో ఈ భాగం టిక్ టిక్ గడియారమైపోతుంది.

ముందు చెవికి సంబంధించిన మాట. చుక్క మోగే నల్లమెట్టుని ఇంతవరకూ ఎ ఫ్లాట్ అని రాశారు, దాన్నే ఇక్కడ జి షార్ప్ అంటున్నారు. మెట్టు అదే, పేరే మారింది. మొదటి భాగానికి ఆధారమైన డి ఫ్లాట్‌ని షడ్జమం అనుకుంటే అది పంచమం, మధ్యభాగానికి ఆధారమైన సి షార్ప్‌కీ (డి ఫ్లాట్ మెట్టుకే ఇంకో పేరు) పంచమమే. మారేది గాంధారం: అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వస్తుంది. తంబురా శ్రుతికి అలవాటుపడ్డ చెవి దీన్ని తేలిగ్గా పట్టుకుంటుంది. పంచమం కదలదు, కింద నేల మారుతుంది.

మొదటి భాగంలో ఎడమచెయ్యి మోసిన ఆ చుక్కని ఇప్పుడు కుడిచెయ్యి మోస్తుంది. పాట అంతా ఎడమచేతిలో, కింది స్థాయిలో నెమ్మదిగా నడుస్తుంది. అందుకే ఎడమచేతిని ఒంటరిగా మూడు నాలుగు రోజులు వాయించండి. ఒకే వరసలా పాడుతూ వాయించగలగాలి. గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చెయ్యీ అక్కడే లేవాలి.

కుడిచేతికి ఒకటే పని, బార్‌కి ఎనిమిది దెబ్బలు. చూపుడువేలో మధ్యవేలో ఒకటి ఎంచుకోండి. ఈ వేగానికి వేళ్ళు మార్చాల్సిన అవసరం లేదు, మారిస్తే ధ్వని ఎగుడుదిగుడవుతుంది. వేలు మెట్టు మీదనుంచి లేవకూడదు. మెట్టు పైకొచ్చేటప్పుడు వేలు దాంతోపాటే రావాలి. గ్రాండ్ పియానోలో మెట్టు పూర్తిగా లేవకముందే మళ్ళీ మోగుతుంది. నిలువుగా ఉండే అప్‌రైట్ పియానోలో ఇంకాస్త పైకి రానివ్వాలి, లేకపోతే దెబ్బ మింగేస్తుంది. డిజిటల్‌లో అది సెన్సర్ల మీద ఆధారపడుతుంది, మీ వాద్యంలో ఎంత ఎత్తుకి మోగుతుందో ముందే చూసుకోండి.

షోపాన్ దీనికి మెట్రోనోమ్ అంకె ఇవ్వలేదు, ‘సోస్తెనూతో’ (స్వరాన్ని నిలిపి) అని మాత్రమే రాశాడు. సాధనకి ఎనిమిదో నోటుకి 80 పెట్టి మొదలుపెట్టండి.

ఇక బలం లెక్క. పదికి కొలిస్తే 28లో ఎడమచెయ్యి 4, కుడిచెయ్యి 2. స్వరపత్రంలో ‘సోత్తో వోచే’ అని ఉంది, గొంతు తగ్గించి అని. 28 నుంచి 35 దాకా ఎనిమిది బార్లు ఏమీ పెంచకండి. ఆ తర్వాతి నాలుగు బార్లలోనే పెంచి 40లో ఫోర్తిస్సిమోకి (చాలా బిగ్గరగా) చేరాలి. అక్కడ ఎడమచెయ్యి 9, కుడిచెయ్యి 6. అందరూ చేసే తప్పు 30లోనే మొదలెట్టి 36కల్లా బలం అయిపోగొట్టుకోవడం. రెండో తప్పు కుడిచేతిని కూడా 9కి తీసుకెళ్ళడం. ధ్వని పెరిగే చోట జి షార్ప్ ఆక్టేవ్ అవుతుంది, అంటే పై స్థాయి, కింది స్థాయి జి షార్ప్‌లు రెండూ కలిసి మోగుతాయి. అప్పుడు బొటనవేలు నల్లమెట్టు మీద పడి దానంతటదే మోటుగా మోగుతుంది. చిటికెనవేలి వైపు కాస్త బరువు వంచి, మణికట్టుని ఒక అంగుళం పైకి తీసుకుంటే ఆ మోటుతనం తగ్గుతుంది. ముంజేయి బిగిసి నొప్పెడితే అక్కడే ఆపండి. బిగువుతో వచ్చే ధ్వని బిరుసుగా ఉంటుంది, నిండుగా ఉండదు.

పెడల్ (కాలితో నొక్కి ధ్వనిని నిలబెట్టేది) ఎడమచేతి స్వరం మారినప్పుడల్లా మార్చాలి. చేతులు మెట్టు నొక్కే క్షణానికి కాలు పైకి, ధ్వని పుట్టాక కిందికి. కాలూ చెయ్యీ ఒకేసారి కిందికి దిగితే పాత స్వరం కొత్తదానిలో కలిసిపోతుంది. కింది స్థాయిలో ఈ బురద ఎక్కువ వినిపిస్తుంది. మీ డిజిటల్ పెడల్‌కి సగం నొక్కే వీలు లేకపోతే ఇంకా తరచుగా మార్చండి.

ఇంటిపని: 26 నుంచి 30 దాకా ఆ ఒక్క చుక్కనే, మిగతావన్నీ వదిలేసి, కళ్ళు మూసుకుని వాయించండి. ఫోన్‌ని ఆరడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. 28 ఎక్కడ మొదలైందో రికార్డులో తెలిసిపోతే చేతి మార్పు ఇంకా కుదరలేదన్నమాట. కుదిరాకే ఎడమచేతిని కలపండి. వచ్చే పాఠంలో 60 నుంచి 75, అక్కడినుంచి డి ఫ్లాట్‌కి తిరిగి రావడం.