ఎత్తైన హోటల్‌లో దిగేముందు జాగ్రత్తలు

గది తీసుకునేటప్పుడే అంతస్తు గురించి ఆలోచించండి. అగ్నిమాపక శకటాల మామూలు నిచ్చెనలు సుమారు 30 మీటర్ల ఎత్తు వరకే అందుతాయి. అందుకే పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే నేను 3 నుంచి 6 అంతస్తుల మధ్యనే గది అడుగుతాను. కిటికీలోంచి కనిపించే అందం కాస్త తగ్గినా పర్వాలేదు.

• సామాను దించగానే, నడుం వాల్చకముందే, అత్యవసర మెట్ల దాకా నడిచి రండి. మీ గది నుంచి అక్కడికి ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు. వంగి, గోడ తడుముతూ ఆ లెక్క మీదే వెళ్లాలి. కొన్నిచోట్ల మెట్లలోకి అడుగుపెట్టాక తలుపు వెనక నుంచి తెరుచుకోదు, చూసేటప్పుడు దాన్ని వదిలేయకండి.

• తాళం కార్డు, ఫోను, చెప్పులు మంచం పక్కన ఒకేచోట ఉంచండి. మెట్ల దారిలో పొగ ఉంటే తిరిగి గదిలోకి రావడానికి ఆ కార్డే కావాలి.

• అలారం మోగితే ముందు తలుపును చేతి వెనుకవైపుతో తాకండి. వేడిగా ఉంటే తెరవకండి. తడి తువాళ్లు కింది సందులో కుక్కి, ఫోన్‌లో గది నంబరు చెప్పండి. లిఫ్టు మాత్రం ఎక్కవద్దు.

• బాల్కనీ ఉంటే కుర్చీలు, బల్లలు రెయిలింగ్‌కు దూరంగా జరపండి. పిల్లలు వాటినే మెట్లుగా చేసుకుంటారు.

• బస ఛార్జీ కాక కార్డు మీద ఎంత డిపాజిట్ ఆపుతారో ముందే అడగండి.

• గదిలోని చిన్న ఫ్రిజ్‌లో సీసాలు కదపకండి. కొన్నిటికి సెన్సర్లుంటాయి, ఎత్తితేనే బిల్లులో చేరిపోతుంది.