ఈస్ట్ సీసా గ్యాసు నీళ్లలో కరగాలంటే

చేపలతో పాటు నీటిమొక్కలు పెంచే రెండడుగుల గాజు తొట్టిలో మట్టీ రాళ్లూ పోను 55 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుందాం. మొక్కల ఎదుగుదలకు లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండాలంటే మొత్తం పట్టేది గ్రామున్నర పైచిలుకు. ఆ గ్యాసు కోసం సీసాలో ఈస్ట్ వేసి 200 గ్రాముల చక్కెర పులియబెడితే వంద గ్రాముల దాకా గ్యాసు వస్తుంది. రెండు వారాలకు పంచితే రోజుకు 7 గ్రాములు. అంటే సీసా ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే ఇస్తోంది. అయినా మొక్క ఎదగడం లేదంటే బుడగ కరగకుండానే పైకెళ్లి పగిలిపోతోందన్నమాట. చాలామంది ఇక్కడే రెండో సీసా పెడతారు. ఆ గ్యాసూ గదిలోకే పోతుంది.

ముందు సీసా సంగతి క్లుప్తంగా. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసానే తీసుకోండి, మామూలు నీళ్ల సీసా ఒత్తిడికి ఆగదు. లీటరు గోరువెచ్చని నీళ్లు, 200 గ్రాముల చక్కెర, పావు టీస్పూను డ్రై ఈస్ట్, అర టీస్పూను వంటసోడా. చక్కెర ఇంకా పోస్తే ఇంకా ఎక్కువ రోజులు వస్తుందనుకోవద్దు. ఈ కొలతకే చివరికి ఆల్కహాలు 12 శాతం దగ్గరికి వస్తుంది, అక్కడ రొట్టెల ఈస్ట్ చేతులెత్తేస్తుంది. ఈస్ట్ ఎక్కువేస్తే నాలుగు రోజులు ఉరకలేసి ఆగిపోతుంది. బెల్లంతోనూ నడుస్తుంది కానీ నురగ గొట్టంలోకి ఎక్కుతుంది.

మూతకు ఏ జిగురూ సరిగ్గా అంటదు. 5 మిల్లీమీటర్ల గొట్టానికి 4 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, గొట్టం కొసను ఏటవాలుగా కోసి, లోపలి నుంచి కటింగ్ ప్లేయర్‌తో లాగండి. ఆ బిగువే చాలు. సబ్బు నురగ రాసి చూస్తే కారుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. గొట్టంగా మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ పైపు వాడండి. గాలి పంపుకు వాడే మెత్తని సిలికాన్ గొట్టం గోడల్లోంచే ఈ గ్యాసు జారిపోతుంది. ఈస్ట్ సీసాకూ తొట్టికీ మధ్యలో సగం నీళ్లు పోసిన అర లీటరు సీసా ఒకటి ఉండాలి. వచ్చే గొట్టం నీళ్లలో మునగాలి, పోయే గొట్టం నీళ్లకు పైనే ఆగాలి. నురగా ఆల్కహాలూ చాలావరకు అక్కడే ఆగుతాయి, బుడగలు లెక్కపెట్టుకోవడానికీ అదే. దాని తర్వాత గ్యాసును ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్. అది లేకపోతే రాత్రి సీసా చల్లబడినప్పుడు తొట్టి నీళ్లు వెనక్కి లాగేసుకుంటుంది.

ఇక కరిగించడం. గాలి గొట్టం కొసకు పెట్టే బుడగల రాయి (ఎయిర్‌స్టోన్) అన్నిటికంటే వృథా. పెద్ద బుడగ రెండు సెకన్లలో పైకి చేరుతుంది. గ్యాసును సన్నని బుడగలుగా చీల్చే సిరామిక్ డిఫ్యూజర్‌కు బాగా ఒత్తిడి కావాలి, మూత కాస్త వదులున్నా గ్యాసు అక్కడి నుంచే పోతుంది. బోర్లించిన గ్లాసు కింద గ్యాసు పట్టడం చవకైన పద్ధతే. కానీ రెండు మూడు రోజులకు గ్లాసులో మిగిలేది కార్బన్ డయాక్సైడ్ కాదు, నీళ్లలోంచి వచ్చి చేరిన మామూలు గాలి. గ్లాసు నిండుగా ఉంది కదా అని మురిసిపోకుండా రెండు రోజులకోసారి వంచి ఖాళీ చేయాలి.

ఖర్చు లేకుండా బాగా పనిచేసేది సీసా రియాక్టర్. ఇంకో అర లీటరు సీసా అడుగు కోసేసి, మూతి పైకి ఉండేలా తొట్టి మూలలో పూర్తిగా ముంచండి. గంటకు 300 లీటర్ల చిన్న పంపు నీళ్లు మూతిలోంచి కిందికి కొట్టాలి. సీసా భుజం దగ్గర రంధ్రం చేసి గ్యాసు గొట్టం దూర్చండి. మెడ ఇరుకు కాబట్టి అక్కడ నీళ్లు సెకనుకు 20 సెంటీమీటర్లకు పైగా వేగంతో దిగి బుడగను కిందికి తోస్తాయి. సీసా వెడల్పైన చోట ఆ వేగం రెండు మూడు సెంటీమీటర్లకు పడిపోతుంది, బుడగ మళ్లీ పైకి లేస్తుంది. అలా నడుమ గిరగిరా తిరుగుతూ చిన్నదైపోయి మాయమవుతుంది. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఒక ముక్క మధ్యలో పెడితే ఇంకా సన్నగా తునకలవుతుంది.

అడుగు నుంచి బుడగలు బయటపడుతుంటే పంపు మరీ జోరుగా ఉంది. ఇంట్లో ఉంది కదా అని కూలర్ మోటారు పెడితే జరిగేది అదే. పంపు గరగరమంటే దాని నోట్లోకి గ్యాసు పోతోంది, గొట్టం సరిచేయండి. ఈ సీసాలోనూ గాలి పోగవుతుంది, అప్పుడప్పుడు వంచి వదిలేయాలి. తొట్టి అంచుకు తగిలించే హ్యాంగ్‌ఆన్ ఫిల్టర్ ఉంటే నీటిమట్టం దాని మూతి దాకా నింపండి. ధారగా పడితే కరిగిందంతా ఎగిరిపోతుంది.

కరిగిందో లేదో తొట్టి లోపల అంటించే చిన్న బుడ్డి, డ్రాప్ చెకర్ చెబుతుంది. ఇన్వర్టర్‌కు పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరులో 1.2 గ్రాముల వంటసోడా కలిపి, అందులో 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేస్తే 4 డిగ్రీల కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) ద్రావణం తయారు. దాన్ని చెకర్‌లో పోసి, రంగు మారి చూపే బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు వేయండి. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, పసుపు అంటే చేపలకు ముప్పు. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది. అందులో తొట్టి నీళ్లు పోయొద్దు. పీహెచ్ 6.6కు దించాలనే సలహా మన నల్లరేగడి బోరు నీళ్లకు గుడ్డిగా పాటించొద్దు. కేహెచ్ 12 ఉన్న నీళ్లలో పీహెచ్ 7.1కే గ్యాసు 30కి దగ్గరవుతుంది. 6.6 దాకా దించితే 90 చేరి చేపలు చస్తాయి.

ఆదిలాబాద్, జైనథ్, బేల వైపు జనవరి తెల్లవారుజాము చలికి ఈస్ట్ ముడుచుకు పడుకుంటుంది. బుడగలు ఆగాయని కొత్త మిశ్రమం కలపకండి. సీసాను గోనెసంచిలో చుట్టి ఫ్రిజ్ వెనక వైపు పెడితే మళ్లీ లేస్తుంది. మే నెలలో దీనికి తారుమారు. సీసా వారంలోపే అయిపోతుంది, వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువే ఉంటుంది. ఆ నెలల్లో ఈస్ట్ సగానికి తగ్గించండి.

రాత్రి మొక్కలూ ఆక్సిజన్ పీలుస్తాయి, ఈస్ట్‌కు మాత్రం స్విచ్ లేదు. లైటు ఆర్పేటప్పుడు గొట్టాన్ని చెక్ వాల్వ్ దగ్గర ఊడదీసి గ్యాసును గదిలోకి వదిలేయండి, పొద్దున లైటు వేయడానికి గంట ముందు తగిలించండి. సెలైన్ పైపు చక్రం తిప్పి మూసేస్తే తెల్లారేసరికి సీసా పగలొచ్చు. తగిలించే ముందు చేపలను చూడండి. నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజుకు గ్యాసు వద్దు, మూడో వంతు నీళ్లు మార్చి ఎయిర్ పంపు వేయండి.