పాత బాత్రూమ్ కొత్తగా కట్టించాలంటే కాంట్రాక్టర్‌తో పని ఎలా మాట్లాడుకోవాలి?

మా ఇంట్లో రెండు, అమ్మ వాళ్లింట్లో ఒకటి, చెల్లెలి ఫ్లాట్‌లో ఒకటి. ఇప్పటికి నాలుగు పాత బాత్రూమ్‌లు పగలగొట్టించి మళ్లీ కట్టించాను. తెలిసినవాళ్లు చేయిస్తుంటే చూస్తూనే ఉన్నాను. టైల్స్ రంగు కోసం నెల రోజులు తిరుగుతారు. కాంట్రాక్టర్‌తో మాటలు మాత్రం గుమ్మంలో నిలబడి పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ తర్వాత ఆరు నెలలు ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.

ముందు టేపు, నోటు పుస్తకం తీసుకుని గది కొలతలు రాసుకోండి. ఏవి మారాలో, ఏవి అలాగే ఉండాలో పక్కనే రాయండి. అపార్ట్‌మెంట్ అయితే పని చేసుకునే వేళలు అసోసియేషన్‌ని అడగండి. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు నిలిచిన ఇల్లయితే, ఇంజనీరు వచ్చి చూడకుండా ఒక్క గోడ మీద కూడా సుత్తి పడనివ్వకండి. సంక్రాంతి ముందు పని మొదలుపెట్టకూడదు. ఊరెళ్లిన కూలీలు మళ్లీ ఎప్పుడొస్తారో మేస్త్రి కూడా చెప్పలేడు.

తర్వాత ముగ్గురిని పిలిచి, మీరు రాసుకున్న అదే కాగితం ముగ్గురికీ ఇచ్చి రేటు అడగండి. వాళ్లు నిన్న పూర్తి చేసిన బాత్రూమ్ చూసి లాభం లేదు, కొత్తది ఎలాగూ మెరుస్తుంది. రెండేళ్ల కిందట చేసింది చూపించమనండి. వీలైతే దాని కింది ఇంటివాళ్లని అడిగి వాళ్ల సీలింగ్ చూడండి.

పని లేబర్ కాంట్రాక్ట్ మీదే ఇవ్వాలి, మెటీరియల్ మనమే కొనాలి. మొత్తం ఒకరికే అప్పగిస్తే టెన్షన్ ఉండదంటారు, నేను ఒప్పుకోను. టైల్ కింద ఏ వాటర్‌ప్రూఫింగ్ వేశారో, ఎన్ని కోటింగ్‌లు వేశారో పూర్తయ్యాక కంటికి కనపడదు. మిగుల్చుకునేవాడు కనపడని చోటే మిగుల్చుకుంటాడు. డబ్బా మీరు కొని మీ ముందే మూత తీయించండి. టైల్స్ 10 శాతం ఎక్కువగా, ఒకే బ్యాచ్‌వి తెచ్చుకోండి.

ఇక అందరూ దెబ్బతినే చోటు డబ్బు ఇచ్చే వరస. మా మొదటి బాత్రూమ్‌కి టైల్స్ పడేసరికే దాదాపు మొత్తం ఇచ్చేశాం. నెల తిరగకుండానే కింద హాలు సీలింగ్‌లో అరచేయంత తడి మచ్చ కనిపించింది. కాంట్రాక్టర్ రెండుసార్లు వస్తానన్నాడు, మూడోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు. కొత్త టైల్స్ మళ్లీ పగలగొడుతుంటే ఆ గదిలో నిలబడలేకపోయాను.

అప్పటి నుంచి నా లెక్క ఇదే, ముందే కాగితం మీద రాయించి సంతకాలు పెట్టిస్తాను. అడ్వాన్సు 10 శాతం. పాతది పగలగొట్టి, మట్టి ఎత్తి, పైపులు వేసి, వాటిలో నీళ్లు ఒత్తిడితో నింపి లీకులు చూసే ప్రెజర్ టెస్ట్ చేశాక 25. నీళ్లు నిలిపి చూశాక ఇంకో 25. టైల్స్ అయ్యాక 25. మిగిలిన 15 శాతం నెల రోజులు వాడాక. ‘మేడం, లేబర్‌కి ఇవ్వాలి, కాస్త ముందే సర్దండి’ అని తప్పకుండా అడుగుతారు. కూలీల వారం డబ్బు లెక్క చూసి నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి, దాన్ని రాసుకుని వచ్చే వాయిదాలో తగ్గించుకోండి. వరస మాత్రం తప్పకండి.

ఆ నీళ్ల పరీక్ష మీద అసలు బేరం వద్దు. ఫ్లాట్లలో బాత్రూమ్ స్లాబు కిందికి దింపి ఉంటుంది కదా, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపకముందే చేయాలి. కోటింగ్ మూలల్లో నిండుగా పడిందా, గోడ మీద అడుగు ఎత్తు దాకా, షవర్ వైపు ఆరడుగుల దాకా ఎక్కిందా చూడండి. బాగా ఆరాక ట్రాప్‌ని, అంటే నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని, మూయించి రెండంగుళాల నీళ్లు పెట్టించండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. 48 గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత కింది ఇంట్లో సీలింగ్‌ని చేత్తో తడిమి చూడండి, పైపులు దిగే మూలల్లో మరీను. గీత నుంచి నీళ్లు వెంట్రుకవాసి తగ్గితే ఆవిరైనట్టు. అరంగుళం దిగితే మళ్లీ కోటింగ్, మళ్లీ పరీక్ష. ‘రెండ్రోజులు మనుషులు ఖాళీగా కూర్చోవాలి’ అంటారు కాబట్టి, ఆ రెండ్రోజులనూ ఒప్పంద కాగితంలోనే రాయించాలి.

‘ఎక్స్‌ట్రా’ పని ఏది వచ్చినా రేటు వాట్సాప్‌లో రాసి పంపాకే మొదలుపెట్టమనండి. పైపులు ప్లాస్టరింగ్ కిందికి పోయేముందు టేపు ఆనించి ఫోటోలు తీయండి. రేపు గోడకి డ్రిల్ వేసేటప్పుడు అవే దిక్కు.

టైల్స్ పడ్డాక నాలుగు మూలలా మగ్గుతో నీళ్లు పోయండి, ఎక్కడా నిలవకుండా ట్రాప్‌కి చేరాలి. నిలిచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ టైల్స్ తీసి మళ్లీ వేశాకే ఆ 25 శాతం ఇవ్వండి. నెల తర్వాత కింది సీలింగ్ ఇంకోసారి తడిమి చూసి, పొడిగా ఉంటే కాంట్రాక్టర్‌ని పిలిచి మిగిలిన 15 శాతం ఆ రోజే ఇచ్చేయండి.