పండుగ సరుకుల బిల్లు: కౌంటరు దాటకముందే చూసుకోవలసినవి

పోయిన సంక్రాంతికి ముందు ఆదివారం అరిసెల కోసం నువ్వులు కొన్నాను. ర్యాక్ మీద చీటీలో అరకిలో 129 రూపాయలని ఉంది. బిల్లులో 145 పడింది. రెండు ప్యాకెట్లు కాబట్టి తేడా 32 రూపాయలు. అడిగితే కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే, "సిస్టమ్‌లో అదే ఉంది సార్" అంది. నా వెనుక పది ట్రాలీలు. నా వెనుకాయన 32 రూపాయలకు ఇంత రాద్ధాంతమా అన్నట్టు నిట్టూర్చాడు.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. సూపర్‌మార్కెట్‌లో ప్రతి సరుకుకూ ధర రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ర్యాక్ మీద చీటీలో, రెండోది కంప్యూటర్‌లో. కంప్యూటర్‌లోని ధర రాత్రికి రాత్రే మారిపోతుంది. చీటీని మాత్రం ఎవరో ఒకరు వంగి, పాతది పీకి కొత్తది దూర్చాలి. ఆదివారంతో ముగిసిన ఆఫరు చీటీ సోమవారం మధ్యాహ్నం దాకా అక్కడే వేలాడుతుంటుంది. పండుగ వారాల్లో ఆఫర్లు రోజుకొకటి మారతాయి, సర్దేవాళ్ళలో సగం మంది తాత్కాలికంగా వచ్చినవారే. ఇదంతా మోసమని నేననను. కాకపోతే దుకాణానికి నష్టం తెచ్చే పొరపాటు వాళ్ళ లెక్కల్లో ఏదో ఒకనాడు బయటపడుతుంది. మనకు నష్టం తెచ్చేది మనం చూసుకుంటేనే బయటపడుతుంది.

ఇంట్లో రాసుకున్న నలభై సరుకుల జాబితాలో అన్నిటికీ కాపలా కాయనక్కర్లేదు. ఆఫరు చూసి కొన్న ఆరేడింటిని పట్టించుకుంటే చాలు. ట్రాలీలో వేసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీయండి. అందులో సరుకు, దాని కింది చీటీ, ఆఫరు గడువు తేదీ మూడూ కనబడాలి. ఫొటో తీసే ముందు చీటీ మీది చిన్న అక్షరాలు చదవండి. అది నిజంగా ఆ సరుకుదేనా, పక్కదానిదా? బరువు ఒకటేనా? ఒప్పుకోవాలి, నేను వాదనకు దిగిన సందర్భాల్లో సగం ఇక్కడే ఓడిపోయాను. చీటీ 200 గ్రాములది, నా చేతిలో ఉన్నది 500 గ్రాములది. కొన్ని దుకాణాల్లో ధర చూపే స్కానరు స్తంభానికి తగిలించి ఉంటుంది. అనుమానం ఉంటే అక్కడే ఒకసారి చూసుకుంటే కౌంటరు దగ్గర మాట పెరగదు.

ఇక ప్యాకెట్ మీది ఎమ్మార్పీ సంగతి. అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర అది. అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనల ప్రకారం తప్పే. ఒకే సరుకుకు, ఒకే పరిమాణానికి మాల్‌లో ఒక ఎమ్మార్పీ, వీధి చివర దుకాణంలో ఇంకో ఎమ్మార్పీ ముద్రించడం కూడా 2018 జనవరి నుంచి కుదరదు. స్టిక్కర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ధర తగ్గించేటప్పుడు మాత్రమే కొత్త ధర స్టిక్కరు అంటించవచ్చు, అదీ కంపెనీ ముద్రించిన పాత ధర కనబడేటట్టు. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఇలాంటి స్టిక్కర్లు బాగా కనిపించాయి. అవి సరైనవే. పాత అంకెను కప్పేసి పైన అంటించిన స్టిక్కరును మాత్రం గోటితో కొంచెం లేపి చూడండి. కింద చిన్న అంకె ఉంటే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేయకండి, ఫొటో తీసుకోండి.

పొరపాటు కాకపోయినా జేబుకు చిల్లు పెట్టేది పరిమాణం. నూనె ప్యాకెట్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకదానిలో లీటరు, అంటే సుమారు 910 గ్రాములు ఉంటే, పక్కదానిలో 850 గ్రాములే ఉండవచ్చు. ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకు ఇంత, కిలోకు ఇంత అని చిన్నగా రాసి ఉంటుంది, పోల్చవలసింది దాన్ని. బియ్యం బస్తాలదీ అదే కథ. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మన దుకాణాల్లోకి 26 కిలోల బస్తా దిగింది. 25 కిలోలు 1,450 అయితే కిలో 58, 26 కిలోలు 1,495 అయితే 57 రూపాయల 50 పైసలు. బస్తా ధర ఎక్కువైనా బియ్యం చవక.

కూరగాయలు, విడి పప్పుల దగ్గర తప్పు తూకంలో కన్నా కోడ్‌లో ఎక్కువ. కాటా దగ్గర ఉన్న అబ్బాయి మామూలు కందిపప్పుకు బదులు ఖరీదైన రకం కోడ్ నొక్కితే, తూకం సరిగ్గానే ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ పడుతుంది. సంచికి అంటించిన స్టిక్కరు మీద సరుకు పేరు చదవండి. డబ్బాలో పెట్టి తూచే స్వీట్లకు ఖాళీ డబ్బా బరువు తీసేశారో లేదో అడగండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, ఆ ధ్రువపత్రం కనబడేలా పెట్టాలి. చూడటానికి మొహమాటపడనక్కర్లేదు.

కౌంటరు దగ్గర ఫోను జేబులో పెట్టి తెర మీద చూపు ఉంచండి. ఒకే రకం ప్యాకెట్లు అయిదు ఉంటే ఒక్కటి స్కాన్ చేసి సంఖ్య నొక్కుతారు. అయిదు ఆరయ్యేది అక్కడే. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నది బిల్లులో తగ్గింపుగా విడిగా కనబడాలి. రెండు వేర్వేరు రకాలు తీసుకుంటే కొన్నిసార్లు కంప్యూటర్ దాన్ని జతగా గుర్తించదు. బిల్లు కింద మొత్తం వస్తువుల సంఖ్య ఉంటుంది కదా, దాన్ని ట్రాలీతో సరిచూడండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. చివర్లో చాలామంది కంగారుపడే జీఎస్టీ పట్టిక ఉంటుంది. 105 రూపాయల సరుకుకు అసలు 100, కేంద్ర జీఎస్టీ 2.50, రాష్ట్ర జీఎస్టీ 2.50 అని అది విడదీసి చూపుతుందంతే. ఎమ్మార్పీ మీద మళ్ళీ కలిపితేనే తప్పు. అడగకుండా చేతి సంచి ధర కలిపారేమో కూడా చూడండి. ముందుగా తెలియజేయకుండా కౌంటరు దగ్గర సంచికి డబ్బు వసూలు చేయడం తగదని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. ఫోను నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా చెప్పింది.

తేడా కనబడితే గేటు దగ్గర బిల్లు మీద ముద్ర పడకముందే పక్కకు జరగండి. వరుసలో నిలబడి వాదిస్తే వెనుకవాళ్ళంతా మీ మీదే విసుక్కుంటారు. కౌంటరులో ఉన్నవారికి ధర మార్చే అధికారం సాధారణంగా ఉండదు, వాళ్ళ మీద అరవడం దండగ. కస్టమర్ సర్వీస్ బల్ల దగ్గరో స్టోర్ మేనేజర్ దగ్గరో ఫొటో, బిల్లు పక్కపక్కన పెట్టి, "ఈ వరుసలో 16 రూపాయల చొప్పున రెండుసార్లు ఎక్కువ పడిందండీ, సరిచేసి ఇవ్వండి" అనండి. అంకెతో అడిగితే పని తొందరగా అవుతుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని బిల్లు వెనుక ఉన్న ముద్ర చూపితే, మీరు సరుకు వాపసు ఇవ్వడం లేదు, ఎక్కువ తీసుకున్న డబ్బు అడుగుతున్నారని గుర్తు చేయండి. డబ్బుకు బదులు తర్వాతి కొనుగోలులో వాడుకునే చీటీ, అంటే క్రెడిట్ నోట్ ఇస్తామంటే ఇష్టమైతేనే తీసుకోండి. యూపీఐతో చెల్లించి ఉంటే, డబ్బు తిరిగి వేసినట్టు సవరించిన బిల్లు చేతికి వచ్చేదాకా కదలకండి.

ఇంటికి వచ్చాక తెలిసినా దారి మూసుకుపోదు. కాకపోతే బిల్లును అదే రోజు ఫొటో తీయండి. ఆ కాగితం మీది అక్షరాలు వేడికి పుట్టినవి, కారులో ఎండ తగిలేచోట వదిలేస్తే చదవడానికి వీల్లేకుండా పోవచ్చు.

మిషిగన్‌లో ఉన్న మా మేనకోడలికి ఈ తంటా లేదు. అక్కడ స్కానరు ఎక్కువ ధర చూపితే తేడాతో పాటు దానికి పది రెట్లు, కనీసం ఒక డాలరు, గరిష్ఠంగా అయిదు డాలర్లు అదనంగా ఇవ్వాలని చట్టం. మనకు అలాంటి కానుక లేదు. దుకాణం మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పవచ్చు, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఎమ్మార్పీ మించిన కేసులైతే తూనికలు, కొలతల శాఖకు నేరుగా రాయవచ్చు. చీటీకీ బిల్లుకూ తేడా ఉండి, బిల్లులో పడిన ధర ఎమ్మార్పీ లోపలే ఉంటే ఆ శాఖ పెద్దగా చేయగలిగింది ఉండదు. ధర విషయంలో కొనుగోలుదారును తప్పుదోవ పట్టించారన్నదే అక్కడ మీ వాదన. దాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళలోపు వేయవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. 32 రూపాయలకు కమిషన్ దాకా వెళ్ళమని నేను చెప్పను. అదే దుకాణం అదే తప్పు మూడోసారి చేస్తే మాత్రం వెళ్తాను.

నా నువ్వుల విషయానికి వస్తే, మేనేజర్ ఫొటో చూసి, ఒక కుర్రాడిని ర్యాక్ దగ్గరికి పంపి, నాలుగు నిమిషాల్లో 32 రూపాయలు చేతిలో పెట్టాడు. మర్నాడు బెల్లం కోసం వెళ్ళి అటు తొంగి చూశాను. చీటీ మారింది. అరకిలో 145.