ఆరుబయట బడి – 4వ పాఠం: మట్టి మూల

పోయిన పాఠంలో వేప నీడ చూసుకుని, కంపా గాజుపెంకులూ ఏరేసి, ఆట జాగాకు హద్దు పెట్టుకున్నాం. ఈసారి ఆ జాగాలో ఒక మూలను మట్టికి ఇద్దాం. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఇరవైమంది పిల్లలున్న అంగన్‌వాడీకి సరిపోతాయి. పదిమందే ఉంటే సగం చేసుకోండి.

మట్టి ఇస్తే పిల్లలు విసురుకుంటారు, ఒళ్ళంతా పూసుకుంటారు అని చాలామంది టీచర్లు ఈ పనే పెట్టుకోరు. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, మట్టిది. ముద్ద కట్టని ఇసుకమన్ను చేతికిస్తే విసరడం తప్ప దానితో చేసేదేముంది? జారుడు బురద ఇస్తే పూసుకోక ఏం చేస్తారు? మట్టి కుదిరితే పిల్లలు కుదురుతారు. అందుకే ఈ పాఠంలో పెద్ద భాగం మట్టి కలపడం గురించే.

ఏ మట్టి

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎటు చూసినా కనిపించేది ఎర్ర చెలక. రంగుకు దాన్ని మించింది లేదు గానీ బొమ్మకు అదొక్కటే పనికిరాదు. ఇసుక ఎక్కువ, ఆరగానే రాలిపోతుంది. నల్లరేగడి దీనికి పూర్తిగా ఎదురు. జిగురు మస్తుగా ఉంటుంది, వేళ్ళకు అంటుకుంటే వదలదు, ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది. ఎండాకాలం రేగడి చేలో నెర్రెలు చూసే ఉంటారు, బొమ్మలో జరిగేదీ అదే. ఈ రెంటికీ నడుమ పడేది చెరువు మట్టి. చెరువు ఎండినప్పుడు పైన జానెడు మన్ను పక్కకు తీసేసి కిందిది తవ్వుకోండి, పై పొరలో ముళ్ళు, పేడ, సీసాపెంకులు ఉంటాయి. ఊరి మోరీ వచ్చి కలిసే వైపు వద్దు. పత్తిచేను మన్ను అసలే వద్దు, అది పురుగుమందు పడ్డ నేల. పుట్టమన్ను చాలా మంచిది, బొడ్డెమ్మను దాంతో చేసే ఊళ్ళు మనకున్నాయి. కానీ నిలిచి ఉన్న పుట్ట జోలికి పోకండి, లోపల ఏముందో ఎవరికి ఎరుక.

తెచ్చిన మట్టిని పరీక్ష చేయడానికి పిడికెడు తడిపి, పెన్సిలంత లావు తాడులా పేని, మీ చూపుడువేలికి ఉంగరంలా చుట్టండి. చుడుతుండగానే తెగితే ఇసుకపాలు ఎక్కువ, కాస్త రేగడి కలపాలి. తెగలేదు గానీ తీస్తే వేలికి అంటుకుని సాగుతుంటే జిగురు ఎక్కువ, ఇసుక కలపాలి. సన్నని బీటలతో ఉంగరం నిలిచి, వేలి మీంచి శుభ్రంగా ఊడివస్తే చాలు.

కలపడం

ఎండు చెరువు మట్టి 8 కిలోలు, జల్లించిన సన్న ఇసుక 2 కిలోలు, నీళ్ళు సుమారు 3 లీటర్లు. ఒక్కో బిడ్డకు అర కిలో పైచిలుకు ముద్ద వస్తుంది. అంతకన్నా తగ్గించకండి. నిమ్మకాయంత ఇస్తే వేళ్ళ కొసలే పనిచేస్తాయి, అరచేయి, మోచేయి, భుజం ఊరికే ఉంటాయి. రేపు పలక మీద గీత నిలకడగా రావాలంటే బలం రావాల్సింది భుజం నుంచే.

మొదటి రోజు గడ్డలు కొట్టి ఎండలో పరవండి. పచ్చి మట్టిని నానబెడితే లోపల ఉండలు అలాగే ఉండిపోతాయి. బాగా ఎండింది నీళ్ళలో పడగానే తనంతట తనే విచ్చుకుంటుంది. సాయంత్రం జల్లెడ పట్టి, టబ్బులో ముందు నీళ్ళు పోసి, ఆపైన మట్టి చల్లండి. మట్టి మీద నీళ్ళు పోస్తే అడుగు పొడిగా మిగులుతుంది. చేయి పెట్టి కలపకుండా మర్నాటి దాకా వదిలేయండి. రెండో రోజు పైన తేలిన నీళ్ళు వంపేసి, ఇసుక చల్లి తొక్కాలి. తొక్కే పని పిల్లలకే ఇవ్వండి. నలుగురు నలుగురుగా, చేతులు పట్టుకుని, పాట పాడుతూ తొక్కితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఆయమ్మ ఒక పక్క నిలబడితే చాలు, తొక్కేచోట జారుతుంది. ఆ తర్వాత తడి గోనెసంచి కప్పి ఒక రాత్రి మాగనివ్వండి.

బొటనవేలితో ఒత్తితే గుంట నిలవాలి, వేలికి మన్ను అంటకూడదు. చపాతీ పిండికన్నా పిసరంత గట్టిగా ఉన్నట్టు. నాలుగైదు రోజులకు ముద్దలోంచి వాసన వస్తోందంటే ఆకూ గడ్డీ లోపల కుళ్ళుతున్నాయి, జల్లెడ సరిగ్గా పట్టలేదన్నమాట.

పెట్టే తీరు

నలుగురికి ఒక షాబాదు బండ, బండ నడుమ తడిగుడ్డ మీద ముద్దలు, పక్కన వెడల్పాటి చిప్పలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. చెంబుతో ఇవ్వకండి. చేతికి చెంబు దొరికిన బిడ్డ నీళ్ళు పోయకుండా ఉండడు, అయిదు నిమిషాల్లో అంతా బురదే. నీళ్ళాట కావాలంటే వేరే రోజు పెట్టుకోండి. నిండు బకెట్టు మాత్రం పిల్లలకు అందే చోట ఉండకూడదు, బోర్లాపడితే చిన్నబిడ్డకు ఆ నీళ్ళే ప్రమాదం. ఆటయ్యాక చిప్పలు బోర్లించండి, నిలవ నీళ్ళంటే దోమలే. ఇంకొకటి, మన జిల్లాల్లో చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చేతులు కడగడానికి ఫరవాలేదు గానీ ఆటలో దాహమేసిన బిడ్డ అదే చిప్పలో నీళ్ళు తాగుతుంది. అందుకని తాగే నీళ్ళ బిందెను మట్టి మూలకు నాలుగడుగుల దూరంలో, కళ్ళకు కనబడేలా పెట్టండి.

కనీసం నలభై నిమిషాలు ఇవ్వండి. మొదటి పది నిమిషాలు గుద్దడం, పొడవడంతోనే పోతాయి. ఆ తర్వాతే ఏదైనా తయారవుతుంది. ఇరవై నిమిషాలకే గంట కొట్టేస్తే పిల్లలు ఎప్పటికీ గుద్దే దశలోనే ఉండిపోతారు, మీరేమో వీళ్ళకేమీ రాదనుకుంటారు. ఎండాకాలంలో పదిన్నరకల్లా ముగించాలి.

మూడేళ్ళ బిడ్డ ముద్దను పిండుతుంది, వేలితో గుంటలు పెడుతుంది. దానికి పేరుండదు, అడగకండి. నాలుగేళ్ళకు పాము వస్తుంది, ఆ తర్వాత ఉండ. పాము ముందు, ఉండ తర్వాత ఎందుకంటే పాముకు చేతులు ముందుకూ వెనక్కూ కదిలితే చాలు, ఉండకు గుండ్రంగా తిరగాలి. అయిదేళ్ళ వాళ్ళు ఒకదానికొకటి అతికిస్తారు. ఏడుపులు మొదలయ్యేదీ అక్కడే.

ఎద్దునే చూడండి. ఏరువాక పున్నమికి ఇంట్లో మట్టి ఎడ్లను చూసిన పిల్లలు తప్పకుండా చేస్తామంటారు. నాలుగు కాళ్ళు విడిగా పేని పొట్ట కింద అతికిస్తారు, మర్నాటికి నాలుగూ ఊడి పడుంటాయి. పొట్ట ఒక తడిలో, కాలు ఒక తడిలో ఆరితే అతుకు నిలవదు. దీనికి రెండు దారులున్నాయి. అతికించే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గీరి, చిక్కటి బురద రాసి, నొక్కి కాస్త తిప్పాలి. లేదా అసలు అతికించకుండా ముద్దలోంచే లాగాలి. పిడికిలంత ముద్దను కోడిగుడ్డులా చేసి, కింద నాలుగు చోట్ల చిటికెతో పట్టి కిందికి సాగదీస్తే కాళ్ళు, పైన ఒకచోట చిటికెడు లాగితే మూపురం. కొమ్ములకు రెండు ఈతపుల్లలు, కళ్ళకు కందిగింజలు. గురివింద గింజలు అందంగా ఉన్నా పెట్టనివ్వకండి, నమిలితే విషం. కందిగింజ కూడా ముక్కులో దూర్చుకునే మూడేళ్ళ వాళ్ళ చేతికి వద్దు. బొమ్మను నీడలో అయిదు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే పైన ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి ఆరేలోపు పగుళ్ళిస్తుంది. బొటనవేలి కన్నా మందం ఉన్నది ఎప్పుడైనా మొరాయిస్తుంది.

ఈ పని టీచరు చేసి చూపిస్తే ఇరవై ఎడ్లూ టీచరు ఎద్దులాగే ఉంటాయి. కాలు లాగే కిటుకు చూపించండి, అదీ కాలు ఊడి బిడ్డ మీ దగ్గరికొచ్చాక. చూపించిన ముద్దను మళ్ళీ నలిపేయండి. ‘ఇదేంటి నాన్నా?’ అని అడగడం కన్నా ‘దీని వీపు నున్నగా చేసినవ్ గదా, దేంతో రుద్దినవ్?’ అని అడగండి. మొదటిదానికి ఒక్క మాట జవాబొస్తుంది, రెండోదానికి కథ మొదలవుతుంది. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి తెరిచి, కిండర్‌గార్టెన్‌కు దారి వేశారు. ఆయన పిల్లలకు పెట్టిన చేతిపనుల్లో మట్టిబొమ్మలూ ఉన్నాయి. మన దగ్గర కిండర్‌గార్టెన్ అంటే ఇప్పుడు టై కట్టుకుని కాపీ రాయడం అయిపోయింది, అది వేరే సంగతి.

మట్టి రంగులు

చెలక మన్ను ఇక్కడ అక్కరకొస్తుంది. అర బకెట్టు నీళ్ళలో రెండు దోసిళ్ళు వేసి కలియబెట్టి, మనసులో అరవై లెక్కపెట్టండి. ఇసుక అడుక్కు దిగుతుంది. పైనున్న ఎర్రనీళ్ళను ఇంకో గిన్నెలోకి వంచి రాత్రంతా కదపకండి. తెల్లారి తేటనీళ్ళు తీసేస్తే అడుగున మిగిలే వెన్నలాంటిదే రంగు. రేగడి ఇలాగే చేస్తే దిగడానికి రెండు రోజులు కూడా పట్టొచ్చు. తెలుపుకు సుద్ద వాడండి, సున్నం వద్దు, కంట్లో పడితే కాలుతుంది. పసుపు ఎండ తగిలే గోడ మీద కొన్నాళ్ళకే వెలిసిపోతుంది, కాగితం మీదైతే వాడుకోవచ్చు.

జిగురు లేని రంగు ఆరాక చేతికి పొడిలా అంటుతుంది. నల్లతుమ్మ బంక 50 గ్రాములు 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో రాత్రి నానబెట్టి వడకట్టండి. నాలుగు చెంచాల రంగుకు రెండు చెంచాల బంకనీళ్ళు పోసి, చిలికిన పెరుగంత చిక్కగా చేసుకోండి. బంక ఎక్కువైతే ఆరాక పెంకులుగా లేస్తుంది. బంక దొరక్కపోతే గంజి పనిచేస్తుంది, కానీ మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. కుంచెకు ఈతపుల్ల కొసను రాయితో నలగ్గొట్టి పీచు తీయండి. అట్టపెట్టెల మీద, గోడ మీద వేయించండి. పల్చటి కాగితం తడికి చిరుగుతుంది, బిడ్డ తన చేయే మంచిది కాదనుకుంటుంది.

ఆటయ్యాక సబ్బుతో చేతులు, గోళ్ళ సందులు కడిగించాకే తిండి దగ్గరికి. గోళ్ళు వారానికోసారి తీయండి. పుండున్న చేతికి ఆ రోజు మట్టి వద్దు, రంగు పుల్ల ఇవ్వండి. మిగిలిన మట్టిని గోనె కింద ఉంచండి. మళ్ళీ తీసేటప్పుడు చేయి పెట్టే ముందు గోనె ఎత్తి చూసుకోండి, తడి గోనె కింద తేళ్ళు చేరతాయి.

ఈ వారం మీ పని: మూడు చోట్ల నుంచి మూడు మట్టులు తెచ్చి ఉంగరం పరీక్ష చేసి, ఏది ఎన్ని పాళ్ళకు కుదిరిందో రాసి పెట్టుకోండి. 5వ పాఠం చప్పుళ్ళ మీద. దానికి ఎండిన తంగేడు కాయలు, ఖాళీ కొబ్బరి చిప్పలు, చేతికి పట్టే రెండు నున్నటి రాళ్ళు ఒక్కో బిడ్డకు లెక్కన కూడబెట్టడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.